బోర్డు బీరువాలోనే ఉండనివ్వండి.. లాగిన్ ఇవ్వండి!

వీఎల్‌ఎస్‌ఐ, ఎంబెడెడ్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో ఈసీఈ విద్యార్థి రెజ్యుమే మీద 'వెరిలాగ్‌లో యూఆర్ట్ డిజైన్', 'ట్రాఫిక్ లైట్ కంట్రోలర్' లాంటి ప్రాజెక్టు కనిపిస్తే తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: 'బోర్డు మీద నడిపారా?' చాలామంది తడబడేది ఇక్కడే. సిమ్యులేషన్ వేవ్‌ఫామ్ గురించి బాగానే చెబుతారు. బోర్డు మాట ఎత్తేసరికి 'ల్యాబ్‌లో ఉంది సార్, మాకు ఒకటి రెండుసార్లే ఇచ్చారు' అంటారు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ జవాబుతో ఉద్యోగం రాదు.

మన కాలేజీల్లో ఎఫ్‌పీజీఏ బోర్డులు లేక ఈ పరిస్థితి వచ్చిందని అందరూ అంటుంటారు. నేను ఒప్పుకోను. చాలాచోట్ల బోర్డులు ఉన్నాయి. అవి విద్యార్థికి అందే గంటలే లేవు. ఆ గంటలు పెంచడానికి కొత్త బోర్డులు కొనక్కర్లేదు. ఉన్నవాటిని నెట్‌వర్క్ మీద పెట్టి, దూరం నుంచి ప్రోగ్రామ్ చేసుకోనిస్తే చాలు.

వారానికి 165 గంటల నిద్ర

లెక్క వేసి చూద్దాం. ఒక సెక్షన్‌లో 60 మంది, వారానికి ఒకే ఒక 3 గంటల ల్యాబ్ అనుకోండి. వారానికి ఉండేవి 168 గంటలు. అంటే మిగతా 165 గంటలు ఆ బోర్డు బీరువాలో నిద్రపోతోంది. అదే బోర్డును రాత్రీ పగలూ అరగంట స్లాట్ల చొప్పున తెరిచి ఉంచితే వారానికి 336 స్లాట్లు. 60 మందికి పంచితే ఒక్కొక్కరికి అయిదు స్లాట్లు వచ్చి ఇంకా మిగులుతాయి. అదీ ఒక్క బోర్డుతో!

ఈ గంటలు ఎవరికి ఎక్కువ అవసరమో కూడా చూడాలి. సాయంత్రం కాలేజీ బస్సు ఎక్కాల్సిన డే స్కాలర్‌కు ల్యాబ్‌లో ఆగే వీలుండదు. చీకటి పడకముందే హాస్టల్ గేటు వేసేస్తే అమ్మాయిలకూ అదే ఇబ్బంది. వేలు పోసి సొంతంగా బోర్డు కొనుక్కోగలిగినవాళ్లు ఎలాగోలా నేర్చుకుంటారు. నష్టపోయేది మిగతావాళ్లే. వాళ్లలో కొందరు చివరికి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కుని, అందులో ఏముందో తెలియకుండానే వైవాకు వెళ్తున్నారు.

సిమ్యులేషన్ సరిపోదా?

సరిపోదు. ఎందుకో చిన్న ఉదాహరణతో చెబుతాను. కాలేజీల్లో కనిపించే బేసిస్ 3 బోర్డునే తీసుకోండి. దాని మీద ఆర్టిక్స్-7 కుటుంబానికి చెందిన చిప్, 100 మెగాహెర్ట్జ్ క్లాక్, 16 స్విచ్‌లు, 16 ఎల్‌ఈడీలు ఉంటాయి. ఎల్‌ఈడీ స్థితి సెకనుకోసారి మారాలంటే కౌంటర్ 10 కోట్ల క్లాక్‌లు లెక్కపెట్టాలి. దానికి 27 బిట్లు కావాలి. సిమ్యులేషన్‌లో అంతసేపు ఆగలేక ఏ 10 దగ్గరో ముగించి 'వచ్చేసింది' అనుకుంటాం. 26 బిట్లే పెట్టిన సంగతి బోర్డు మీదకు వెళ్తేగానీ బయటపడదు.

బటన్ సంగతీ అంతే. టెస్ట్‌బెంచ్‌లో బటన్ శుభ్రంగా 0 నుంచి 1కి మారుతుంది. నిజమైన బటన్ నొక్కితే లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతుంది. మీరు ఒకసారి నొక్కితే కౌంటర్ నాలుగైదు అంకెలు దూకుతుంది. రెండు వేర్వేరు క్లాకుల మధ్య సిగ్నల్ దాటేటప్పుడు వచ్చే మెటాస్టెబిలిటీ మామూలు ఆర్‌టీఎల్ సిమ్యులేషన్‌లో కనిపించనే కనిపించదు. ఇంటర్వ్యూలో అడిగేవి ఇవే. వీటికి జవాబు పుస్తకంలో చదివి చెప్పడం వేరు, బోర్డు మీద చూసి చెప్పడం వేరు.

ఎలా పనిచేస్తుంది?

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. బేసిస్ 3కి ఒకే మైక్రో యూఎస్‌బీ కేబుల్ ఉంటుంది. కరెంటు, జేట్యాగ్ ప్రోగ్రామింగ్, సీరియల్ పోర్టు మూడూ దాని మీదే నడుస్తాయి. ఆ కేబుల్‌ను ల్యాబ్‌లోని పాత కంప్యూటర్‌కు గుచ్చి అలాగే వదిలేయండి. ఆ కంప్యూటర్‌లో వివాడో ల్యాబ్ ఎడిషన్ వేస్తే చాలు. అది ఉచితం, పూర్తి వివాడో కంటే చాలా చిన్నది. దాంతోపాటే హార్డ్‌వేర్ సర్వర్ అనే ప్రోగ్రామ్ వస్తుంది. అది 3121 నంబరు పోర్టు మీద ఎదురుచూస్తుంటుంది. మీ ల్యాప్‌టాప్‌లోని వివాడోలో హార్డ్‌వేర్ మేనేజర్ తెరిచి, లోకల్ సర్వర్ బదులు రిమోట్ సర్వర్ ఎంచుకుని, ఆ కంప్యూటర్ చిరునామా ఇస్తే బోర్డు మీ పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. రెండువైపులా వివాడో వెర్షన్ ఒకటే ఉండేలా చూసుకుంటే తలనొప్పులు తగ్గుతాయి.

ఆల్టెరా బోర్డులున్న కాలేజీలకూ దారి ఉంది. క్వార్టస్‌తో వచ్చే జేట్యాగ్ సర్వర్ పాస్‌వర్డ్ పెట్టి ఇదే పని చేస్తుంది.

'మా ఊళ్లో నెట్ అంతంతమాత్రం' అంటారా? సింథసిస్, ఇంప్లిమెంటేషన్ మీ ల్యాప్‌టాప్‌లోనే జరుగుతాయి. బోర్డుకు వెళ్లేది చివరి బిట్ ఫైల్ మాత్రమే. బేసిస్ 3 చిప్‌కు దాని సైజు 1,75,36,096 బిట్లు, అంటే రెండు మెగాబైట్లకు కాస్త ఎక్కువ. వాట్సాప్‌లో పంపే ఫొటోలంత! మొబైల్ హాట్‌స్పాట్ సరిపోతుంది. వివాడోను మోయలేని పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు ల్యాబ్ కంప్యూటర్‌లోకే లాగిన్ అయి బిల్డ్ కూడా అక్కడే నడుపుకోవచ్చు. అప్పుడు అక్కడ పూర్తి వివాడో ఉండాలి, అంతే తేడా.

కళ్లతో చూడకుండా ఎలా?

దూరం నుంచి స్విచ్ వేయలేం కదా, ఎల్‌ఈడీ కనపడదు కదా అనేది సరైన ప్రశ్నే. పది వందల రూపాయల్లో వచ్చే వెబ్‌క్యామ్ పెడితే ఎల్‌ఈడీలు కనిపిస్తాయి. కానీ అసలు జవాబు అది కాదు. మీ డిజైన్‌లో వీఐఓ అనే కోర్ పెట్టుకుంటే వివాడో తెర మీదే స్విచ్‌లు, దీపాలు వస్తాయి. అక్కడ క్లిక్ చేస్తే చిప్ లోపల సిగ్నల్ మారుతుంది.

ఐఎల్‌ఏ ఇంకా గట్టిది. ఇది చిప్ లోపలే కూర్చునే లాజిక్ ఎనలైజర్. మీరు చెప్పిన ట్రిగ్గర్ పడగానే సిగ్నళ్లను చిప్‌లోని బ్లాక్ ర్యామ్‌లో దాచి, తర్వాత తీరిగ్గా మీకు పంపుతుంది. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 1,024 శాంపిల్స్ పెడితే 10.24 మైక్రోసెకన్ల కథ దొరుకుతుంది. రికార్డింగ్ చిప్ లోపల జరుగుతుంది కాబట్టి మీ నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా 10 నానోసెకన్ల సంఘటన తప్పిపోదు. బిట్ ఫైల్‌తోపాటు ఎల్‌టీఎక్స్ ఫైల్ కూడా ఇవ్వడం మరిచిపోకండి. అది లేకపోతే ఏ వైరు పేరేమిటో వివాడోకు తెలియదు.

నా అభిప్రాయంలో రిమోట్ పద్ధతికి ఉన్న పెద్ద లాభం ఇదే. బోర్డు చేతిలో ఉంటే ఎల్‌ఈడీ వెలిగిందా లేదా అని చూసి వదిలేస్తాం. దూరంగా ఉంటే 'లోపల ఏం జరుగుతోందో నాకు ఎలా తెలుస్తుంది?' అని ముందే ఆలోచించి డిజైన్ చేయాల్సి వస్తుంది. కంపెనీల్లో ప్రోటోటైపింగ్, పోస్ట్ సిలికాన్ వాలిడేషన్ చేసేవాళ్ల రోజువారీ పని ఇదే. ర్యాకుల్లో వరుసగా ఉన్న బోర్డులు ల్యాబ్‌లో ఉంటాయి, ఇంజినీర్లు తమ డెస్కు నుంచో ఇంటి నుంచో లాగిన్ అవుతారు. అమెజాన్ క్లౌడ్ అయితే ఎఫ్‌పీజీఏలున్న సర్వర్లను ఎఫ్1, ఎఫ్2 పేర్లతో గంటల లెక్కన అద్దెకే ఇచ్చింది. రిమోట్‌లో పనిచేయడం సర్దుబాటు కాదు, అదొక నైపుణ్యం.

కాలేజీల భయాలు

బోర్డులకు తాళం వేసే ల్యాబ్ అసిస్టెంట్‌ను తిట్టుకుని లాభం లేదు. స్టాక్ రిజిస్టర్‌లో ఒక బోర్డు తక్కువైతే జవాబు చెప్పాల్సింది ఆయనే. అందుకే నేననేది, బోర్డును బయటకు తీయొద్దు. గాలి ఆడే బీరువాలోనే ఉంచి, ఒక కేబుల్ మాత్రం బయటకు లాగండి. పోయే భయం లేదు, పిన్నులు వంగే భయం అసలే లేదు.

విద్యార్థి తప్పుడు ప్రోగ్రామ్ ఎక్కిస్తే? జేట్యాగ్ ద్వారా ఎక్కించిన డిజైన్ చిప్‌లోని ఎస్‌ర్యామ్‌లో ఉంటుంది. కరెంటు తీస్తే పోతుంది, తర్వాతివాళ్లు తమది ఎక్కించుకుంటారు. రెండు నియమాలు చాలు: ఫ్లాష్ మెమరీలో ఎవరూ రాయకూడదు, షేర్డ్ బోర్డు పిన్నులకు మోటార్లు, రిలేలు లాంటివి తగిలించకూడదు.

సెక్యూరిటీ భయం మాత్రం నిజమైనదే. హార్డ్‌వేర్ సర్వర్ పాస్‌వర్డ్ అడగదు. 3121 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కు తెరిస్తే దారినపోయేవాళ్లెవరైనా మీ బోర్డును ప్రోగ్రామ్ చేయొచ్చు. ఆ పని ఎప్పుడూ చేయకండి. ఒక్కో విద్యార్థికి విడిగా ఎస్‌ఎస్‌హెచ్ అకౌంటు ఇచ్చి, దాని టన్నెల్ ద్వారానే పోర్టును చేరనివ్వాలి. క్యాంపస్ బయటి నుంచి అయితే కాలేజీ వీపీఎన్ లేదా వైర్‌గార్డ్ వాడాలి. ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో లాగ్‌లో ఉంటుంది. ఇప్పటి ల్యాబ్‌లో అంత కచ్చితమైన లెక్క ఎక్కడుంది?

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. మొదటి రెండు ల్యాబులు మాత్రం బోర్డును చేత్తో పట్టుకునే జరగాలి. జంపర్ ఎక్కడుంది, స్విచ్ ఎలా ఉంటుంది అనేది తాకితేనే మనసుకెక్కుతుంది. రిమోట్ ఆ తర్వాతి గంటల కోసం.

దేశం ఇప్పటికే ఈ దారి పట్టింది. కేంద్రం చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమంలో 85,000 మంది ఇంజినీర్లకు శిక్షణ లక్ష్యంగా పెట్టుకుంది. ఖరీదైన చిప్ డిజైన్ టూల్స్‌ను బెంగళూరు సీడాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రం నుంచి కాలేజీలకు దూరం నుంచే అందిస్తోంది. ఢిల్లీ స్థాయిలో టూల్స్ పంచుకోగలిగినప్పుడు, ఒక బ్లాకులోని బోర్డును పక్క బ్లాకుకు పంచలేమా?

మీరు చేయాల్సింది

కాలేజీ కదిలేవరకు చేతులు కట్టుకుని కూర్చోకండి. నలుగురు కలిసి ఒక పేజీ లెటర్ రాసి హెచ్‌ఓడీని కలవండి. 'రిమోట్ ల్యాబ్ కావాలి' అని అడిగితే 'చూద్దాం' అంటారు. 'ఒక్క బోర్డు, ఒక్క పాత కంప్యూటర్, ఒక్క నెల ఇవ్వండి, మెయింటెనెన్స్ మాది' అని అడగండి. బుకింగ్‌కు షేర్డ్ స్ప్రెడ్‌షీట్ చాలు. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యేలా బయోస్‌లో సెట్టింగ్ పెట్టండి, సర్వర్ ప్రోగ్రామ్ బూట్‌తోపాటే మొదలయ్యేలా చూడండి. మన కరెంటు సంగతి తెలిసిందే కదా!

కాలేజీ ఒప్పుకోకపోతే నలుగురు స్నేహితులు చందా వేసుకుని టాంగ్ నానో 9కే లాంటి చిన్న బోర్డు కొనండి. ఒక రూమ్‌లో రాస్‌బెర్రీ పై లేదా పాత ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఓపెన్ ఎఫ్‌పీజీఏ లోడర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో నలుగురూ వాడుకోవచ్చు. అందులో 8,640 లుక్-అప్ టేబుల్స్ ఉంటాయి. చిన్న ప్రాసెసర్ రాసుకోవడానికీ చోటుంటుంది.

మొదటి ప్రాజెక్టుగా యూఆర్ట్ తీసుకోండి. 100 మెగాహెర్ట్జ్ క్లాక్ నుంచి 1,15,200 బాడ్ రావాలంటే 868 క్లాకులకు ఒక బిట్. ఆ 868 ఎక్కడి నుంచి వచ్చిందో, ఒకటి రెండు అటూఇటూ అయినా ఎందుకు పనిచేస్తుందో, 900 పెడితే ఏమవుతుందో బోర్డు మీద చూడండి. యూఆర్ట్ వచ్చిందంటే మీ చిప్ మీతో మాట్లాడటం మొదలుపెట్టినట్టే. ఆ తర్వాత కెమెరా అవసరం కూడా తగ్గుతుంది.

రెజ్యుమేలో 'ఎఫ్‌పీజీఏ నాలెడ్జ్' అని ఒక ముక్క రాస్తే ఎవరూ ఆగి చూడరు. గిట్ లింక్, టైమింగ్ రిపోర్టులో మిగిలిన స్లాక్ ఎంత, ఐఎల్‌ఏలో పట్టుకున్న ఒక బగ్, దాన్ని ఎలా సరిచేశారు.. ఈ నాలుగూ రాయండి. రిమోట్‌లో చేశామని దాచాల్సిన పనిలేదు, సర్వర్ కూడా మీరే పెట్టారని చెప్పండి. లైనక్స్, నెట్‌వర్కింగ్, హార్డ్‌వేర్ డీబగ్ మూడూ తెలిసిన ఫ్రెషర్ అని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

లెక్చరర్లకూ ఒక విన్నపం. ఈ సెమిస్టర్‌లోనే ఒక బోర్డుతో మొదలుపెట్టండి. బీరువా తాళం మీ దగ్గరే ఉంచుకోండి. విద్యార్థికి కావాల్సింది ఒక యూజర్‌నేమ్, ఒక పాస్‌వర్డ్ మాత్రమే.