ఇంజను వేడెక్కితే మూత తీయకండి

రోహిణి కార్తె ఎండల్లో పెండ్లికో, ఉజ్జీవ కూటములకో కారులో బయలుదేరతాము. కావలి, నెల్లూరు, గూడూరు మీదుగా పోయే పెద్ద రోడ్డు మీద వేడి ముల్లు ఎర్రగీత దాటితే కంగారుపడవద్దు.

బండిని పక్కకు తీసి ఇంజను ఆపండి. పిల్లలను దించి, రోడ్డుకు దూరముగా నీడలో కూర్చోబెట్టండి. రేడియేటరు మూత మాత్రము తీయవద్దు. లోపలి నీరు ఒత్తిడివలన 100 డిగ్రీలు దాటినా మరగక నిలుస్తుంది. మూత వదులైన క్షణమే ఆవిరై ముఖము మీదికి చిమ్ముతుంది. కళ్లే పోవచ్చు. కనీసము అరగంట ఆగి, వేడి తగ్గాకనే మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పండి. కాగిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగలవచ్చు.

కృష్ణపట్నము, మైపాడు వైపు వారికి మరొక మాట. ఉప్పు బావి నీళ్లు, రొయ్యల గుంట నీళ్లు పోయకండి. ఉప్పు లోపలి లోహమును తినివేస్తుంది. మంచినీళ్ల సీసాలు రెండు బండిలో ఉంచుకోండి. పోసిన నీళ్లు మళ్లీ తగ్గితే ఎక్కడో కారుతున్నట్లే. మెకానిక్కుకు చూపకుండా నడపవద్దు.

కూటమునకు ఆలస్యమైతే కానివ్వండి. దీర్ఘశాంతమును పౌలు ఆత్మ ఫలములో చేర్చి చెప్పాడు. ఆ అరగంట దానికి పరీక్ష. ప్రభువు మిమ్మును క్షేమముగా చేర్చును గాక.