పిల్లికి గుండెందుకమ్మా?

ఎండలు ముదిరితే చాలు, మా అపార్టుమెంట్లో పర్షియన్ పిల్లులు ఒక్కొక్కటీ గుండుతో కనిపిస్తాయి. తల, తోక చివర వదిలేసి ఒళ్ళంతా మిషన్‌తో నున్నగా తీయించేస్తారు. పైగా "పాపం, వేడికి తట్టుకోలేకపోతోంది" అని జాలి! జాలి కాదండీ, మన సుఖం. సోఫా మీద బొచ్చు, పరుపు మీద బొచ్చు, రోజూ కాసేపు దువ్వే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. ఆ మాటే చెప్పొచ్చుగా, ఎండ మీద నెట్టడం దేనికి?

పిల్లికి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగునే పడుతుంది. అది ఒళ్ళు నాక్కుని, ఆ తడి ఆరుతుంటే చల్లబడుతుంది. బొచ్చు చలికే కాదు, ఎండకీ అడ్డే. అది తీసేసి బాల్కనీలో వదిలితే చర్మం కమిలిపోతుంది.

"గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుంది" అన్నది ఇంకో మాట. పసిపిల్లల పుట్టువెంట్రుకల దగ్గర విన్నదాన్ని పిల్లికీ అంటగట్టేశాం. మిషన్ కోసేది పైన ఉన్న వెంట్రుకని, కుదురు చర్మం లోపల ఉంటుంది. దాన్ని ఏ మిషనూ మార్చలేదు. పొట్టి బొచ్చు పిల్లికి మళ్ళీ రావడానికి 2 నుంచి 4 నెలలు పడుతుంది. పర్షియన్‌కి 6 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఉగాదికి తీయిస్తే వినాయక చవితికి కూడా పూర్తిగా రాకపోవచ్చు. సియామీస్‌కైతే చర్మం చల్లబడిన చోట కొత్త బొచ్చు ముదురు రంగులో వస్తుంది.

నాకు అసలు ఒళ్ళు మండేది ఆ తర్వాత మొదలయ్యే తొందర చూసి. టీ ట్రీ ఆయిల్ రాయమని ఒకరు, మగవాళ్ళ బట్టతలకి వాడే మినాక్సిడిల్ రాయమని ఇంకొకరు. రెండూ పిల్లికి విషమే. మినాక్సిడిల్ కొంచెం ఒంటికి తగిలినా, నాకినా గుండె దెబ్బతిని ప్రాణం పోవచ్చు. మీ ఆయన అది రాసుకుని పడుకునే దిండు దగ్గరికి కూడా పిల్లిని రానివ్వకండి.

ఆపరేషన్‌కో, స్కానింగ్‌కో, విడదీయలేని చిక్కులు కట్టినందుకో డాక్టరు బొచ్చు తీస్తే అది అవసరం, కాదనను. అప్పుడు చేయాల్సింది ఓపిక పట్టడం, కడుపుకి సరైన తిండి పెట్టడం. బొచ్చు తయారయ్యేది మాంసకృత్తులతో. పాలు, పెరుగన్నంతో సరిపెడితే ఎక్కడినుంచి వస్తుంది? పిల్లి మాంసాహారి, మన ఆచారం దానికి వర్తించదు. నెలలు గడిచినా నూగు కూడా రాకపోయినా, అదే చోట పుండు పడేలా నాక్కుంటున్నా, పొలుసులతో గుండ్రటి మచ్చలు కనిపించినా డాక్టరుకి చూపించండి. ఆ మచ్చలు తామరైతే మన పిల్లలకీ అంటుకుంటుంది.

మన జుట్టు నాలుగు వెంట్రుకలు ఊడితే చుట్టాలంతా చేరి చెప్పే చిట్కాలు మనకెంత విసుగో అందరికీ తెలుసు. మనం కనీసం "చాల్లెండి" అనగలం. పిల్లి అనలేదు కదా!