ఎర్రగడ్డ వాళ్ళు ఊరికే రోడ్డెక్కలేదు

మస్కట్‌లో శుక్రవారం భోజనాల దగ్గర "యూనియన్" అన్న మాట వస్తే చాలు, మన ఐటీ వాళ్ళు మొహం చిట్లిస్తారు. "పని ఎగ్గొట్టడానికి అదో సాకు" అంటారొకరు. "మన సర్కారు ఆసుపత్రులు పాడైంది వాళ్ళవల్లే" అంటారు ఇంకొకరు. చాలా ఏళ్ళు నేనూ తలూపాను. ఇప్పుడు ఊపను. ఎందుకో చెప్తాను.

2015 జనవరిలో తెలంగాణ మంత్రివర్గం ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిని వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు తరలించాలనీ, ఆ స్థలంలో కొత్త సచివాలయం కట్టాలనీ నిర్ణయించింది. ఉన్న సచివాలయానికి వాస్తు బాగాలేదని ముఖ్యమంత్రి కేసీఆర్ బాహాటంగానే చెప్పారు. దోషం సచివాలయానిది, ఊరు వదలాల్సింది మాత్రం రోగులు! డాక్టర్లతో సహా ఆసుపత్రి సిబ్బంది నిరసనకు దిగారు.

"సిటీ హెచ్చార్యే పోతుందని వాళ్ళ ఏడుపు" అని మా మిత్రుడి విసురు. సరే, ఒప్పుకుందాం. పిల్లల చదువులు, ఇంటద్దె ఎవరికి లేవు? ప్రాజెక్టు మారమంటే మనం ముందు అడిగేదీ అదేగా! కానీ స్వార్థం ఉన్నంత మాత్రాన చెప్పిన మాట అబద్ధమైపోదు.

టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగని రకంగా మారే ప్రమాదమూ ఉంది. సిటీ బస్సెక్కి ఎర్రగడ్డలో దిగే కూలిమనిషి, రోజు కూలి పోగొట్టుకుని డెబ్బై ఎనభై కిలోమీటర్లు ఎన్నిసార్లు వెళ్తాడు? అర్ధరాత్రి రక్తం కక్కుకుంటూ వచ్చినవాణ్ణి ఏ కొండెక్కిస్తారు?

"కొండగాలి మంచిది కదా" అన్నవాళ్ళూ ఉన్నారు. అది మందులు లేని రోజుల వైద్యం. నిజాం కాలంలో అనంతగిరిలో శానటోరియం పెట్టింది అందుకే. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన 1959కల్లా ఆ సంగతి తేల్చేసింది. మందులు సరిగ్గా వాడితే ఇరుకింట్లో ఉన్న రోగికీ, శానటోరియంలో ఉన్న రోగికీ నయం కావడంలో పెద్ద తేడా లేదని. కావలసింది కొండగాలి కాదు, మందు అందుబాటులో ఉండటం.

చివరికి తరలింపు జరగలేదు. సచివాలయాన్ని పాత చోటే, హుస్సేన్‌సాగర్ దగ్గరే కట్టి 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. పైగా ఎర్రగడ్డలోనే మరో పెద్ద ఆసుపత్రికి 2022లో అదే ప్రభుత్వం శంకుస్థాపన చేసింది! ఇదంతా సిబ్బంది గొప్పేనని అనను. కోర్టుకెళ్ళినవాళ్ళున్నారు, ప్రతిపక్షాలున్నాయి. కానీ ఆసుపత్రి కదిలితే ఎవరి చికిత్స ఆగిపోతుందో అందరికంటే ముందు తెలిసేది అందులో పనిచేసేవాళ్ళకే. వాళ్ళు నోరు మూసుకుంటే మనకు చెప్పేదెవరు?

ఇక మనం ఉంటున్న ఒమాన్ సంగతి. 2006లో సుల్తాన్ ఖాబూస్ శాసనంతో ఇక్కడ కార్మిక సంఘాలకు దారి దొరికింది. 2023లో కొత్త కార్మిక చట్టమూ వచ్చింది. కానీ ప్రభుత్వ ఉద్యోగులు ఆ చట్టం పరిధిలోకి రారు. సర్కారీ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసే మన తెలుగు నర్సమ్మ, రేపు వార్డు మూసేస్తామంటే ఎవరితో కలిసి అభ్యంతరం చెబుతుంది? వీసా, ఉద్యోగం ఒకదానికొకటి ముడిపడినవాళ్ళకు నోరు లేవదు. ఆ సంగతి మనకు వేరే చెప్పాలా?

మనకు లేని నోరు అక్కడివాళ్ళకు ఉంది. దాన్ని చూసి ఎద్దేవా చేయడం ఎందుకు? ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు ఆసుపత్రి గేటు ముందు తెల్లకోట్లు కూర్చుని కనిపిస్తే, "వీళ్ళకేం పనిలేదా" అనేముందు ఒక్కటి అడగండి: ఈ గేటు మూతపడితే రేపు మందుల కోసం ఎవరు, ఎక్కడికి వెళ్ళాలి? ఆ ఓపీ లైన్లో మనవాళ్ళూ ఎవరో ఒకరు నిలబడే ఉంటారు.