పరీక్షించడం మన పని కాదంటారా?

పాత ల్యాప్‌టాప్‌లో తేలికపాటి లినక్సు వేసుకున్నవాళ్ళు నలుగురు కలిస్తే ఒక మాట తప్పకుండా వినపడుతుంది. "తప్పులు పట్టుకోవడం, దిద్దడం తయారుచేసేవాళ్ళ పని. మనం ప్రోగ్రామర్లం కాదు, వాడుకునేవాళ్ళం. పనిచేస్తే ఉంచుకుంటాం, లేదా ఇంకో డిస్ట్రో వేసుకుంటాం." కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళూ ఇదే అంటారు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళూ ఇదే అంటారు. వినడానికి వినయంగానే ఉంటుంది. కానీ ఇది శుద్ధ తప్పు. తేలికపాటి డిస్ట్రోల విషయంలోనైతే మరీ తప్పు. కారణాలు మీ ముందు పెడతాను, తీర్పు మీరే చెప్పండి.

ముందుగా ఒక్క ప్రశ్న. ఆటమ్ ప్రాసెసరూ, 1 జీబీ ర్యామూ ఉన్న 2009 నాటి నెట్‌బుక్ ఎవరి దగ్గరుంది? కెర్నల్ రాసే ఇంజనీరు దగ్గరా? ప్యాకేజీలు తయారుచేసే వాలంటీరు దగ్గరా? కంపైలింగుకు గంటల తరబడి ఆగలేరు కాబట్టి వాళ్ళు పనిచేసేది కొత్త మెషీన్ల మీద. నెట్‌బుక్ ఉన్నది మీ బీరువా మీద. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఇక్కడ వాళ్ళకు మనసు లేక కాదు, ఆ మెషీన్ లేక నొప్పి తెలియదు. పాత కంప్యూటర్ల కోసం చేసిన సిస్టమ్‌ను పాత కంప్యూటరు ఉన్నవాడు తప్ప ఇంకెవరు పరీక్షించాలి?

చరిత్రే సాక్ష్యం చెబుతుంది. 32 బిట్ ప్రాసెసరు 4 జీబీకి మించిన మెమరీని అందుకునే ఏర్పాటు పేరు పీఏఈ. 2012 అక్టోబరులో వచ్చిన 12.10తో ఉబుంటు కుటుంబం పీఏఈ అవసరం లేని కెర్నల్‌ను పూర్తిగా ఎత్తేసింది. 2003లో వచ్చిన మొదటి తరం పెంటియమ్ ఎమ్ చిప్‌లలో పీఏఈ ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ "నీకు పీఏఈ ఉందా?" అని కెర్నల్ అడిగితే ఆ చిప్ ఉందని చెప్పదు. చెప్పలేదు కాబట్టి కెర్నల్ బూట్ కాదు. నిక్షేపంలాంటి ల్యాప్‌టాప్‌లు ఒక్క రోజులో తుక్కు కింద లెక్కయ్యాయి. చిప్ దాచిన సంగతిని పైకి లాగింది ఎవరు? ఆ ల్యాప్‌టాప్‌లు ఒళ్ళో పెట్టుకున్న వాడుకరులు. 'ఫేక్ పీఏఈ' అనే అతుకు వేసి, నా మోడల్‌లో నడిచింది, నా దాంట్లో నడవలేదు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. 2014లో 'ఫోర్స్‌పీఏఈ' అనే బూట్ ఆప్షన్ వచ్చింది. ఉబుంటు 14.04లో పెట్టారు, అసలు కెర్నల్ 3.15లోకి చేరింది. ఆ మోడళ్ళు పట్టుకుని కూర్చున్నవాళ్ళు "మన పని కాదు" అనుకుని ఉంటే?

ఇంకో మాటా ఉంది: "కోడ్ అంతా బయటే ఉంది కదా, లోకమంతా చూస్తూనే ఉంటుంది." చూడొచ్చు అన్నదానికీ చూశారు అన్నదానికీ ఎంతో దూరం. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం 2012 మార్చిలో విడుదలైన 1.0.1తో బయటికొచ్చింది. లోకానికి తెలిసింది 2014 ఏప్రిల్‌లో. ఇంటర్నెట్‌లో సగం పనులు నడిపే కోడ్‌లోనే రెండేళ్ళు ఎవరి కంటా పడని లోపం, మీ నెట్‌బుక్ వైఫై డ్రైవర్‌లో ఎవరి కంట పడుతుంది?

"వర్చువల్ మెషీన్‌లో వేసి చూశాం, బ్రహ్మాండంగా ఉంది" అనేవాళ్ళకు ఒకటే జవాబు. అందులో గ్రాఫిక్స్ కార్డు ఉత్తుత్తిది, నెట్‌వర్క్ కార్డు ఉత్తుత్తిది. మూసే మూత లేదు, అరిగిన బ్యాటరీ లేదు. తేలికపాటి డిస్ట్రో చతికిలబడేది సరిగ్గా వీటి దగ్గరే.

ఇక అసలు వాదానికి వద్దాం: "నాకు ప్రోగ్రామింగ్ రాదు." రావాలని ఎవరన్నారు? నా నెట్‌బుక్ సంగతే చెబుతాను. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక మూత మూసి తెరిస్తే స్క్రీన్ నల్లగా ఉండిపోయేది. "స్లీప్ పనిచేయడం లేదు" అని ఒక వాక్యం రాసి పంపాను. దాంతో ఎవరూ ఏమీ చేయలేకపోయారు, చేయలేరు కూడా. రెండోసారి కుదురుగా కూర్చున్నాను. మూత మూసి పది సెకన్లు ఆగి తెరిచాను. స్క్రీన్ నలుపే. క్యాప్స్‌లాక్ నొక్కాను, దాని చిన్న దీపం వెలిగింది. మళ్ళీ నొక్కాను, ఆరింది. అంటే మెషీన్ లేచింది, స్క్రీన్ ఒక్కటే లేవలేదు. గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌తో బూట్ చేసి అదే పని చేశాను, స్క్రీన్ వచ్చింది. ఈ రెండు సంగతులకూ రెండు కెర్నళ్ళ నంబర్లు, గ్రాఫిక్స్ చిప్ పేరు జతచేసి పంపాను. మర్నాటికే జవాబొచ్చింది. ఇందులో ప్రోగ్రామింగ్ ఎక్కడుంది?

ఆ పాత కెర్నల్ సంగతి ఎందుకంత విలువైనదో చూడండి. ఒక కెర్నల్ వెర్షన్‌కీ మరోదానికీ మధ్య 10 వేలకు పైగా మార్పులుంటాయి. వాటి నడిమధ్య కెర్నల్ ఒకటి తీసి పరీక్షిస్తే తప్పు ఏ సగంలో ఉందో తేలుతుంది. మళ్ళీ ఆ సగంలో సగం. ఇలా 14 సార్లు బూట్ చేస్తే తప్పుచేసిన ఒక్క మార్పు దొరుకుతుంది. కెర్నళ్ళు తయారుచేసి ఇచ్చేది డెవలపరే. కానీ ఆ 14 సార్లూ మూత మూసి తెరవాల్సింది, లేచింది, లేవలేదు అని చెప్పాల్సింది ఎవరు? ఆ మెషీన్ ఉన్న మీరు. వేరే దారి లేదు.

తెలుగు విషయానికొస్తే "మన పని కాదు" అనే వాదం పూర్తిగా కూలిపోతుంది. ఎల్‌ఎక్స్‌డీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టినవాడు తైవాన్ వాడు. 'లక్ష్మి'లో మకారం వత్తుగా కిందికి దిగకుండా విడిగా పక్కన పడితే ఆయనకు ఎలా తెలుస్తుంది? సరైన తెలుగూ, విరిగిన తెలుగూ ఆయన కంటికి ఒక్కటే. ఐఎస్‌ఓ సైజు తగ్గించాలని ఫాంట్లు తీసేసినప్పుడు ఫైళ్ళ పేర్ల బదులు పెట్టెలు కనపడేది మనకే. పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో ప్యాకేజీగా ఉన్నాయి. మీ డిస్ట్రోలో ఎందుకు రాలేదని అడగాల్సింది తెలుగు చదవడం వచ్చినవాడే. అడగకుండా ఇంగ్లీషుకు మార్చుకుని ఊరుకుంటే ఆ లోపం వచ్చే విడుదలలోనూ ఉంటుంది.

"పాత 32 బిట్ మెషీన్ల కాలం అయిపోయింది కదా" అంటారా? 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసిన మాట నిజమే. కానీ అదే ఏడాది అక్టోబరు 14న విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. టీపీఎమ్ 2.0 లేదనో, ప్రాసెసరు జాబితాలో లేదనో విండోస్ 11 కాదన్న 64 బిట్ ల్యాప్‌టాప్‌లు ఇప్పుడు మన ఇళ్ళల్లో పడి ఉన్నాయి. తేలికపాటి డిస్ట్రోకు ఇక వచ్చేది వీటి వంతే. వీటి మీద పరీక్షించే దారీ తెరిచే ఉంది: ఉబుంటు కుటుంబం ప్రతి విడుదలకు ముందు ఐఎస్‌ఓలనూ, చేయాల్సిన పరీక్షల జాబితానూ అందరికీ అందుబాటులో పెడుతుంది. డిస్కంతా తుడిచి ఇన్‌స్టాల్ చేయడం, ఉన్న సిస్టమ్ పక్కన చేయడం, పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడడం. ఒక అకౌంట్ తెరిస్తే ఎవరైనా ఫలితం నమోదు చేయొచ్చు.

చివరికి మిగిలే సాకు: "ఇంత ఓపిక ఎక్కడ? ఇంకో డిస్ట్రో వేసుకుంటే పోలా?" పోదు. బగ్ కెర్నల్‌లో ఉంటే, అదే కెర్నల్ వాడే ఆ డిస్ట్రోలోనూ అదే బగ్ మీ కోసం కాచుకుని ఉంటుంది. పాతది తీసి, కొత్తది వేసి, వైఫై సరిచేసుకుని, ఫైళ్ళు వెనక్కి తెచ్చుకోవడానికి ఒక ఆదివారం పోతుంది. మరుసటి నెల మరో ఆదివారం. నా నెట్‌బుక్‌కు మొత్తం మూడు సాయంత్రాలు పట్టింది. ఆ తర్వాత మూత ఎన్నిసార్లు మూసినా స్క్రీన్ వస్తూనే ఉంది. అదే చిప్ ఉన్న మిగతావాళ్ళకూ తర్వాతి అప్‌డేట్‌తో వచ్చింది.