పెద్ద టైర్లా? ముందు బండిని మెలిపెట్టి చూడండి!

పాడేరు వైపు కాఫీ తోట ఉన్న ఓ పాఠకుడు పాత జిప్సీ కొన్నారు. తోటకి వెళ్లే దారిలో వానాకాలం రాళ్లు పైకి తేలతాయట. బండి కింద ఇరుసు మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియల్‌ గుండు వాటికి తగిలి ఆగిపోతోందట. ‘పెద్ద టైర్లు వేయిస్తే సరిపోతుందని అందరూ అంటున్నారు, వేయించమంటారా? పిల్లల్ని ఘాట్‌రోడ్డు దింపేదీ ఈ బండిలోనే’ అని రాశారు. ఆ చివరి వాక్యం లేకపోతే నాలుగు ముక్కల్లో జవాబు చెప్పేసేవాణ్ని. అది ఉంది కాబట్టే ఈ వారం కాలమ్‌ మొత్తం దీనికే.

మన ఎడ్లబండికి ఒకే ఇరుసు... ఈ చివర ఓ చక్రం, ఆ చివర ఓ చక్రం. లారీలూ ఆర్టీసీ బస్సులూ పాత జీపులదీ అదే పద్ధతి. 1985 చివర్లో వచ్చిన మారుతి జిప్సీకి ముందూ వెనకా కూడా ఇలాంటి గట్టి ఇరుసులే, వాటి మీద కమాన్‌ కట్టలు. ఇప్పటి కార్లలో అలా కాదు, ముందు చక్రాలు దేనికదే విడిగా పైకీ కిందికీ ఆడతాయి. రోడ్డు మీద అదే సుఖం. గట్టి ఇరుసు బండిలో ఎడమ చక్రం గుంతలో పడితే కుడి పక్కన కూర్చున్నవాళ్లకీ తెలుస్తుంది. కానీ రాళ్లలోకి వెళ్లాక లెక్క తిరగబడుతుంది. ఒక చక్రం రాయెక్కితే ఇరుసు మొత్తం వాలుతుంది, రెండో చక్రం నేలకి అదుముకుంటుంది. బండి ఎంత బరువు మోసినా ఇరుసు కింద ఖాళీ తగ్గదు. అమెరికాలో టయోటా ఫోర్‌వీల్‌ డ్రైవ్‌ పికప్‌ ట్రక్కుకి 1985 మోడల్‌ వరకూ ముందు గట్టి ఇరుసే ఉండేది. 1986 నుంచి విడి చక్రాల పద్ధతికి మార్చారు. కొండల్లో తిరిగే సరదా ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ పాత ట్రక్కుల కోసమే వెతుకుతారు. కొత్తది కొని, ఖర్చు పెట్టి మరీ పాత ఇరుసు బిగించుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇక్కడే చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ‘కమాన్‌లు లేపిస్తే బండి ఎత్తు పెరుగుతుంది కదా, టైర్లెందుకు?’ అంటారు. పెరిగేది బాడీ ఎత్తు. ఇరుసు ఎక్కడున్నది అక్కడే! నాలుగంగుళాలు లేపినా గుండు అదే రాయికి తగులుతుంది. గట్టి ఇరుసు బండిలో ఇరుసుని నేల నుంచి లేపగలిగేది టైరొక్కటే. అదీ టైరు ఎంత పెరిగిందో అందులో సగమే.

లెక్క చూద్దాం. జిప్సీ కింగ్‌కి కంపెనీ ఇచ్చిన టైరు 205/70 ఆర్‌ 15. 205 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 70 అంటే ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, 15 అంటే అంగుళాల్లో రిమ్ము. మొత్తం టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. బజారులో అందరూ ఎక్కించమనే 235/75 ఆర్‌ 15 వేస్తే అది 733 దాకా పోతుంది. తేడా 65. అందులో సగం, అంటే 33 మిల్లీమీటర్లు... అంగుళం మీద కాస్త. గుండుకి దక్కేది అంతే. రాళ్లలో అంగుళం తక్కువేం కాదు లెండి, బండి దాటడానికీ ఇరుక్కోవడానికీ మధ్య తేడా ఒక్కోసారి అదే.

మరి దానికి కట్టే మూల్యం? చక్రం దాదాపు 10 శాతం పెద్దదైంది. మీటరు 60 చూపిస్తుంటే బండి 66లో పోతుంటుంది. మీటరు 100 కిలోమీటర్లు తిరిగితే బండి 110 తిరిగినట్టు. మైలేజీ పడిపోయిందని మెకానిక్‌తో గొడవపడేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకోవాలి! గేర్లన్నీ ఆ మేరకు బరువెక్కుతాయి. 1.3 లీటర్ల చిన్న ఇంజిన్‌, ఘాట్‌లో సెకండ్‌ గేర్‌లో లాగిన చోట ఫస్ట్‌ అడుగుతుంది. క్లచ్‌ ప్లేటు త్వరగా అరుగుతుంది.

ఇదంతా డబ్బుతో పోయేది. భయపడాల్సింది బ్రేకు విషయంలో. తిరగలిని పిడి దగ్గర పట్టుకుని ఆపడం తేలిక, నడిమి గూటం దగ్గర పట్టుకుంటే చెయ్యి తిరిగిపోతుంది. బ్రేకు పట్టేది చక్రం నడుమ, ఆగాల్సింది చక్రం అంచు. బ్రేకులు పాతవే ఉంచి చక్రాన్ని పెద్దది చేస్తే, అదే కాలి నొక్కుకి నేల మీద పడే పట్టు దాదాపు పదో వంతు తగ్గుతుంది. టైరు బరువు కూడా పెరిగింది కాబట్టి ఆపాల్సిందీ ఎక్కువే. దిగుడులో గేరు వేసి ఇంజిన్‌తో పట్టుకునే పట్టు కూడా అంతే తగ్గుతుంది. నలుగురు మనుషులు, వెనక రెండు బస్తాలు, పొగమంచు, మలుపు తర్వాత ఎదురుగా బస్సు... ఈ తగ్గుదల అప్పుడు తెలుస్తుంది. అందుకే నా మాట: 235 టైర్లు వేయాలనుకుంటే డిఫరెన్షియల్‌ పళ్ల నిష్పత్తి మార్చి, బ్రేకులు కూడా పెంచి వేయండి. అంత ఖర్చు వద్దనుకుంటే ఆ టైర్ల ఊసే వద్దు. మధ్యస్తంగా 215/75 ఆర్‌ 15 ఉంది. అది సుమారు 703 మిల్లీమీటర్లు, గుండు 18 లేస్తుంది, గేర్ల మీద భారం 5 శాతమే.

ఏది వేసినా చట్టం సంగతి మర్చిపోవద్దు. కంపెనీ నిర్దేశించిన వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ కింద కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా వాళ్లు ముందు వెతికేదీ ఇలాంటి మార్పుల్నే. ముందు రవాణా కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా తెలుసుకున్నాకే టైర్ల కొట్టుకి వెళ్లండి.

అన్నీ కుదిరి టైర్లు ఎక్కించారనుకుందాం. షెడ్డులో సమంగా నిలబెట్టి చూస్తే అన్ని వైపులా ఖాళీ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. అది నమ్మకూడదు. ఇరుసు వాలినప్పుడు, కమాన్‌ పూర్తిగా అణిగినప్పుడు, స్టీరింగు చివరి దాకా తిప్పినప్పుడు టైరు ఎక్కడుంటుందో అదీ అసలు కొలత. అమెరికా వాళ్లు దీనికో పరీక్ష పెట్టుకున్నారు. 20 డిగ్రీల వాలున్న ఇనప ర్యాంపు మీదికి ఒక పక్క ముందు చక్రాన్ని మాత్రమే మెల్లగా ఎక్కిస్తారు. మిగిలిన మూడింట్లో ఏదో ఒకటి నేల వదిలే క్షణంలో ఆపుతారు. ర్యాంపు మీద ఎంత దూరం పోయిందో కొలిచి, దాన్ని ముందు వెనక చక్రాల మధ్య దూరంతో భాగించి వెయ్యితో గుణిస్తారు. జిప్సీకి ఆ దూరం 2375 మిల్లీమీటర్లు. 1200 మిల్లీమీటర్లు ఎక్కిందంటే మార్కులు 505 అన్నమాట. ఆ చక్రం అప్పటికి 41 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. మార్కులు ఎక్కువొస్తే కమాన్‌లు బాగా సాగుతున్నట్టు. ఎత్తు కోసం కట్టలో ఇంకో పట్టీ దూర్చడం మనవాళ్లకి అలవాటు. బండి లేస్తుంది కానీ కట్ట బిగుసుకుపోయి, ఈ పరీక్షలో మార్కులు పెరగాల్సింది పోయి తగ్గుతాయి!

మనకి ర్యాంపు అక్కర్లేదు. గట్టి మట్టిదిబ్బలు రెండుంటే చాలు. ఎడమ ముందు చక్రం ఒకదాని మీద, కుడి వెనక చక్రం ఇంకోదాని మీద ఉండేలా లో గేర్‌లో పాకించండి. బండి మెలి తిరుగుతుంది. దానికి ముందు టైర్ల అంచులకి తడి ముగ్గుపిండి పూయండి. టైరు మడ్‌గార్డుకో కమాన్‌కో రాసుకుంటే అక్కడ తెల్లగా అంటుకుంటుంది, వెతుక్కునే పని ఉండదు. స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. అలాగే దిబ్బలు మార్చి రెండో మూలకీ చేయండి. పక్కన నిలబడి చూసే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి బండి కిందికి దూరకూడదు, కమాన్‌కీ టైరుకీ మధ్య చెయ్యి పెట్టకూడదు. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానీయొద్దు.

వేలాడే చక్రం దగ్గర మొదట చూడాల్సింది బ్రేకు రబ్బరు పైపు. తీగలా బిగుసుకుని ఉంటే పొడుగుది వేయించాల్సిందే, తర్వాత చూద్దాం అనడానికి లేదు. షాకాబ్జర్‌ పూర్తిగా సాగిపోయి ఇరుసు బరువంతా దానికి వేలాడుతోందా? ప్రొపెల్లర్‌ షాఫ్టు క్రాసు జాయింటు ఇరుసు కోణానికి పట్టేస్తోందా? అణిగిన వైపు కమాన్‌ రబ్బరు దిమ్మెకి ఆనుతోందా, లేక అంతకు ముందే టైరు బాడీకి తగులుతోందా? ఆనాల్సింది దిమ్మెకి. టైరు ముందు తగిలితే మడ్‌గార్డు కోయడం కాదు, చిన్న టైరు చూసుకోవడం మేలు.

గట్టి ముందిరుసు బండికి ఇంకో జబ్బుంది. పెద్ద టైర్లు వేశాక ఓ వేగంలో గుంతలో పడితే చాలు, స్టీరింగు ఒక్కసారిగా ఎడాపెడా ఊగిపోతుంది. టైర్ల బ్యాలెన్సింగ్‌ తప్పినా, స్టీరింగు రాడ్‌ ఎండ్లూ కింగ్‌పిన్‌ బేరింగులూ వదులైనా, కమాన్‌ షాకిళ్లు మార్చడంతో ఇరుసు కోణం మారినా వస్తుంది. కంగారులో బ్రేకు తొక్కేయకుండా స్టీరింగు గట్టిగా పట్టుకుని వేగం మెల్లగా తగ్గించాలి. ఆ తర్వాత కారణం దొరికేదాకా బండి రోడ్డెక్కకూడదు.

తొలి రోడ్డు పరీక్ష ఖాళీ మైదానంలో, ఒంటరిగా చేయండి. 40లో బ్రేకు కొట్టి ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోండి. టైర్లు మార్చకముందే ఒకసారి అదే చోట చేసి ఉంటే తేడా అడుగుల్లో కనిపిస్తుంది. సరైన వేగం కోసం ఫోన్‌లో జీపీఎస్‌ చూడండి, మీటరు కాదు. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లూ కమాన్‌ యూ బోల్టులూ మళ్లీ బిగించాలి. స్టెప్నీ కూడా అదే సైజుది కొనాలి. ఫోర్‌వీల్‌ వేసి నడిపేటప్పుడు ఒక చక్రం చిన్నదైతే గేర్లు మెలిపడి విరుగుతాయి. జిప్సీకి స్టెప్నీ వెనక తలుపుకే వేలాడుతుంది కదా, కొత్త బరువుకి ఆ తలుపు కీళ్లు సాగకుండా దన్ను వేయించుకోండి.