ఫ్లాటు మనది... మాట ఎవరిది?

ఆదివారం ఉదయం పది గంటలు. సెల్లారులో కార్లు ఓ పక్కకు జరిపి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అసోసియేషన్ మీటింగు. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా మగవాళ్లే. ఎండాకాలం కాబట్టి మొదటి అంశం నీళ్లు. 'పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం ఓ గంట వదులుదాం' అన్నారు సెక్రటరీ గారు. అందరూ తలూపారు. పావుగంటలో తీర్మానం అయిపోయింది.

ఇళ్లల్లో ఉన్న ఆడవాళ్లకు ఆ సంగతి మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసింది. ఎనిమిదింటికి వచ్చే పనమ్మాయి గిన్నెలెలా తోమాలి? మంచాన ఉన్న అత్తగారికి స్నానం ఏ వేళకి చేయించాలి? వంట, పిల్లల స్నానాలు, బట్టలు అన్నీ ఆ గంటన్నరలోనేనా? ఏ ఇంట్లో ఏ వేళకు ఎన్ని నీళ్లు కావాలో తెలిసిన మనిషి ఒక్కరూ ఆ కుర్చీల్లో లేరు మరి!

ఇది ఏ ఒక్క అపార్ట్‌మెంటు కథో కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లోనే కాదు, ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ మధ్యతరగతి ఇల్లంటే ఫ్లాటే. ఫ్లాటు కొన్నామంటే నాలుగు గోడలే కాదు, మెట్లు, లిఫ్టు, బోరు, సంపు, మేడ, కింది నేలలో వాటా కూడా కొన్నట్టే. అందరిదీ అయిన ఈ ఆస్తిని చూసుకునేందుకు సంఘం ఉండాలని 1987లోనే ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. 2016లో వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం, అదే మనమంతా 'రెరా' అంటున్నది, కొనుగోలుదారుల సంఘం ఏర్పడేలా చూడవలసిన బాధ్యత బిల్డరు మీద పెట్టింది.

సంఘం ఉంటే లాభమేమిటి?

నలుగురు కలిస్తే ఎంత బలమో అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. బోరు ఎండిపోతే ఒక్క ఇల్లు ట్యాంకరు తెప్పించుకోవడం వేరు, ఇరవై ఇళ్లు కలిసి తెప్పించుకోవడం వేరు. లిఫ్టు పాడైతే ఎవరు బాగుచేయించాలన్న పేచీ ఉండదు. అర్ధరాత్రి గుండెనొప్పి వస్తే తలుపు తట్టడానికి పక్క ఫ్లాటు ఉంటుంది. ఇంకుడు గుంత తవ్వించాలన్నా, చెత్త వేరుచేయాలన్నా ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

బిల్డరు ముందు నిలబడాలన్నా సంఘమే దిక్కు. ఫ్లాటు చేతికిచ్చిన అయిదేళ్లలోగా నిర్మాణంలో లోపం బయటపడితే, మనం చెప్పిన 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలని రెరా చెబుతోంది. ఒక్క ఇల్లాలు ఫోన్ చేస్తే 'చూద్దామమ్మా' అనే బిల్డరు, సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం వెళ్తే కాస్త కదులుతాడు. కదలకపోతే సంఘమే నేరుగా రెరాకు ఫిర్యాదు చేయవచ్చు.

హైదరాబాదులో 2021 జనవరిలో ఇంటికి నెలకు 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైనప్పుడు సంగతి గుర్తుందా? అపార్ట్‌మెంట్లకు మీటరు ఉండాలన్నారు, ఒక్కో ఫ్లాటు ఆధార్ జతచేయాలన్నారు. సంఘం చురుగ్గా ఉన్నచోట ఎవరో ఒకరు ఇంటింటికీ తిరిగి ఆ పని చేయించారు. లేనిచోట 'నువ్వు చూడు, నువ్వు చూడు' అనుకుంటూనే గడువులు గడిచాయి.

మరి తలనొప్పి ఎక్కడ?

ఏ అధికారానికైనా ఉండే తెగులే దీనికీ ఉంది. ఒకరిద్దరే ఏళ్ల తరబడి పదవుల్లో ఉంటారు. నెలనెలా మెయింటెనెన్స్ వసూలవుతుంది, ఏడాదికోసారి లెక్క చెప్పమంటే మాత్రం 'మమ్మల్ని నమ్మరా?' అని అలుగుతారు. అడిగినవాళ్లు గొడవ మనుషులైపోతారు. బాకీ పడ్డ ఇంటికి నీళ్లు ఆపేస్తామని బెదిరించేవాళ్లూ ఉన్నారు. బాకీ వసూలుకు చట్టం దారులున్నాయి. పసిపిల్లలున్న ఇంటి కుళాయి కట్టేయడం మాత్రం ఆ దారి కాదు.

ఇక రూల్సు! ఒంటరి ఆడపిల్లకు ఫ్లాటు అద్దెకివ్వకూడదంటారు. విడాకులు తీసుకున్న ఆవిడ ఇంటికి ఎవరొచ్చారో వాచ్‌మన్‌ని ఆరా తీస్తారు. కుక్కను పెంచుకుంటే లిఫ్టు ఎక్కించొద్దంటారు. మెజారిటీ ఓటు వేసినా పెంపుడు జంతువులను నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో చెప్పిన మాట ఎంతమంది కార్యదర్శులకు తెలుసు?

ఇక్కడ మన సంగతీ ఒప్పుకోవాలి. పనమ్మాయి లిఫ్టు ఎక్కకూడదన్న రూలు చాలాచోట్ల మగవాళ్లు పెట్టింది కాదు, మనం అడిగి పెట్టించుకున్నదే. నాలుగో అంతస్తు దాకా మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి వచ్చిన మనిషి చేత్తోనే మన వంటిల్లు శుభ్రమవుతుంది.

వాచ్‌మన్ భార్య సంగతి ఇంకా అన్యాయం. జీతం ఆయన పేరున. మెట్లు కడిగేది, సెల్లారు ఊడ్చేది, వాకిట్లో ముగ్గు పెట్టేది ఆవిడ. 'గది ఇచ్చాం కదా' అంటారు. మెట్ల కింద ఆ ఒక్క గదికి ఆవిడ ఇరవై నాలుగు గంటల చాకిరీ కిరాయి అన్నమాట! ఆవిడ పనికి వేరే జీతం ఇవ్వాలన్న అంశం ఎన్ని మీటింగుల ఎజెండాలోకి ఎక్కింది?

ఓటు ఎవరి చేతిలో ఉంది?

అసలు చిక్కు ఇక్కడే. చాలా సంఘాల్లో ఫ్లాటుకొక ఓటు. అది దస్తావేజులో పేరున్నవారిది. భార్యాభర్తల పేర్లు ఉమ్మడిగా ఉంటే మొదటి పేరు వారిదే ఓటు అనే నియమం చాలా బైలాల్లో కనిపిస్తుంది. మన ఇళ్లల్లో ఆ మొదటి పేరు ఎక్కువగా ఎవరిదో మనకు తెలుసు. ఆవిడ నగలు అమ్మిన డబ్బు అందులో ఉండొచ్చు, ఆవిడ జీతంలోంచే నెలనెలా బ్యాంకు కిస్తీ కట్టొచ్చు. అయినా సెల్లారు కుర్చీలో ఆవిడకు చోటు లేదు. ఇంటి పేరున నీళ్లు, చెత్త, పనివాళ్లు, పిల్లల ఆటలు అన్నీ ఆవిడ నెత్తిన. వాటి మీద నిర్ణయం మాత్రం రోజంతా బయట ఉండి వచ్చేవారిది.

కమిటీలోకి ఆడవాళ్లొస్తే అన్నీ చక్కబడతాయని కాదు. లిఫ్టు రూలు సంగతి చెప్పుకున్నాం కదా. కానీ రోజూ ఆ ఇబ్బంది పడేవాళ్లు ఎదురుగా కూర్చుంటే పావుగంటలో తీర్మానం అయిపోదు. 'పనమ్మాయి వచ్చేది ఎనిమిదింటికి' అన్న ఒక్క మాటతో నీళ్ల వేళ మారిపోతుంది.

ఏం చేయొచ్చు?

ఫ్లాటు కొనేటప్పుడే రిజిస్ట్రేషన్‌లో మీ పేరు కూడా పెట్టించుకోండి, వీలైతే మొదటి పేరుగా. ఇప్పటికే కొని ఉంటే మీ సంఘం బైలా కాపీ ఒకటి అడిగి తెచ్చుకుని చదవండి. సభ్యుడి తరఫున మరొకరు రావచ్చని అందులో ఉంటే, మీటింగుకు వెళ్లేలా మీవారి చేత ఒక ఉత్తరం రాయించుకోండి. లేకపోతే ఆ నియమం మార్చాలని తీర్మానం పెట్టమనండి. సంఘం రిజిస్టరైందా, ఏటా సర్వసభ్య సమావేశం జరుగుతోందా, జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెడుతున్నారా కనుక్కోండి. అద్దెకున్న ఇల్లాళ్ల మాట వినడానికీ ఒక పద్ధతి ఉండాలి. మెయింటెనెన్స్ వాళ్లూ కడుతున్నారు కదా!

ఆదివారం పది గంటలంటే పొయ్యి మీద కూర ఉండే వేళే, నిజమే. ఆ ఒక్క పూట ఆ కూర సంగతి ఆయన్ని చూసుకోమని చెప్పి, మీరు సెల్లారులోకి దిగి ఓ కుర్చీ లాక్కుని కూర్చోండి. వచ్చే వేసవిలో నీళ్లు ఎన్నింటికి వదలాలో మీరే చెబుదురుగాని.