ఓర్వకల్లు, కొప్పర్తి: పరిశ్రమలు సరే.. సాఫ్ట్‌వేర్ రూల్స్ లెక్క ఎవరి దగ్గర?

కర్నూలు జిల్లా ఓర్వకల్లు, కడప జిల్లా కొప్పర్తి.. సీమలో పరిశ్రమల మాట వస్తే ఇప్పుడు ముందు వినిపించేవి ఈ రెండు పేర్లే. 2024 ఆగస్టు 28న కేంద్ర కేబినెట్ ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో ఈ రెండూ ఉన్నాయి. భూమి, నీళ్లు, కరెంటు గురించి చర్చ నడుస్తూనే ఉంది. కానీ యూనిట్ తెరిచిన రోజు నుంచే వెంటాడే ఇంకో సంగతి ఉంది. అదే కంప్యూటర్లకు వర్తించే చట్టాల లెక్క.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

* 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడే కంపెనీలకు ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఏ ఎంట్రీ ఎప్పుడు మార్చారో తేదీతో సహా నమోదు కావాలి. దాన్ని ఆఫ్ చేసే వీలుండకూడదు.
* సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో చెప్పాలి. సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి.
* 2025 నవంబర్‌లో వచ్చిన డీపీడీపీ రూల్స్ ప్రకారం వ్యక్తిగత డేటా లీకైతే 72 గంటల్లో బోర్డుకు పూర్తి వివరాలివ్వాలి. లాగ్‌లు ఏడాది ఉంచాలి. ఇవి 2027 మే నుంచి అమల్లోకి వస్తాయి.

చిక్కంతా ఇక్కడే

సర్వర్ ఒకటే.. గడువులు మాత్రం వేర్వేరు. 180 రోజులకే లాగ్‌లు డిలీట్ అయ్యేలా సెట్టింగ్ పెడితే ఒక రూల్ పాటించినట్టే, ఇంకోటి తప్పినట్టే. డేటా భద్రతలో విఫలమైతే జరిమానా రూ.250 కోట్ల వరకు వెళ్లొచ్చు.

2025 సెప్టెంబర్ 22న సిమెంట్‌పై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో పాత రేటు ఉంటే కస్టమరే నిలదీస్తాడు. లాగ్ గడువు మారితే అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. ఆడిట్‌లోనో, డేటా పోయాకో బయటపడుతుంది.

మరి దారేంటి?

ఎస్‌ఏపీ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌లలో ముందు చట్టం పేరు నమోదు చేస్తారు. దాని కింద ఒక్కో నిబంధన, దాన్ని అమలు చేసే సెట్టింగ్, బాధ్యుడి పేరు కలుపుతారు. రూల్ మారగానే ఏ సెట్టింగ్ మార్చాలో వెంటనే తెలిసిపోతుంది. అంత ఖర్చు పెట్టలేని చిన్న యూనిట్‌కు ఎక్సెల్ షీట్ చాలు. కాకపోతే దాన్ని చూసే మనిషి ఒకరుండాలి. అకౌంటెంటే ఐటీ కూడా చూసుకునే చోట ఆ మనిషి ఎవరన్నదే అసలు ప్రశ్న. 2027 మే లోపు దీనికి జవాబు దొరకాలి.